రెండు భోజనాలు, ఒక నిద్ర

సీటు కింద చేయిపెట్టి తడిమితే ఒంటి సాక్సు దొరికింది. దూరం నుంచి వచ్చిన విమానమే అనుకుంటూ ఆయన దాన్ని చెత్త సంచిలో పడేశాడు. దగ్గరి ఊళ్ల విమానాల్లో నీళ్ల సీసాలూ పేపర్లూ తప్ప ఏమీ మిగలవు. దూరం పెరిగేకొద్దీ దుప్పట్లు నలుగుతాయి, దిండ్లకు తలనూనె అంటుతుంది. విమానాలు తుడవడమే గాని ఒక్కసారీ ఎక్కి ఎగరని మనిషి, లోకాన్ని అలా కొలవడం నేర్చుకున్నాడు.

నిన్న మంచం మీంచి భార్య అడిగింది.

"చెల్లి ఉండే ఊరు ఎంత దూరమండీ?"

"రెండు భోజనాలు, ఒక నిద్ర."

ఆమె నవ్వబోయి దగ్గింది. ఇంటికి తీసుకెళ్లిపొమ్మని డాక్టరు చెప్పాక ఆమె కోరింది ఒక్కటే, చెల్లెల్ని చూడాలని. కబురు అందగానే చెల్లెలు బయలుదేరింది.

"మీరు డ్యూటీకి వెళ్లండి. దాన్ని సీటు దగ్గర్నుంచే తీసుకురండి. అసలే కంగారు మనిషి, దిక్కులు చూస్తూ నిలబడిపోతుంది," అని ఆయన్ను ఇవాళ పొద్దున్నే తరిమింది. పక్కింటి పిన్నిగారు వచ్చి మంచం దగ్గర కూర్చున్నారు.

విమానానికీ విమానానికీ మధ్య ఆయన మెట్ల కింద నిలబడి ఫోన్ చేశాడు.

"చెల్లి ఎక్కడుంది ఇప్పుడు?" అంది భార్య.

"దీపాలు ఆర్పేసుంటారు. దుప్పటి కప్పుకుని పడుకునుంటుంది."

"నోరు తెరిచి గురక పెడుతుందది. పక్కవాళ్ల పని అయినట్టే!"

రెండోసారి చేసినప్పుడు ఆమె గొంతు బాగా సన్నబడింది.

"రెండో భోజనం పెడుతుంటారు. కేకు ముక్క కూడా ఇస్తారు."

"సగం నాకు దాస్తుంది చూడండి. చిన్నప్పట్నుంచీ అంతే. మీరూ ఉన్నారు, ఇన్నేళ్లలో ఒక్క బిస్కెట్టు తెచ్చారా?"

"మిగిలినవి పారేయాలని రూలే."

"అబ్బో, రూళ్ల మొగుడు!"

మరదలి విమానం నేలకు దిగబోతుండగా మళ్లీ చేశాడు. పిన్నిగారు ఎత్తారు.

"ఇందాకే పోయింది నాయనా. నిద్రలోనే. ఆ పిల్లను జాగ్రత్తగా తీసుకురా. ఇక తొందరేం లేదు."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అలవాటుగా చెత్త సంచి చేతికి తీసుకున్నాడు.

మిగతా ప్రయాణికులంతా దిగాక వెనక తలుపు గుండా లోపలికి వెళ్లాడు. సీట్లోంచి కదలొద్దని చెప్పినట్టే మరదలు కిటికీ పక్కన కూర్చుని ఉంది, బెల్టు కూడా తీయకుండా.

"బావా! అక్క ఏం చేస్తోంది?"

ఆయన వంగి బెల్టు విప్పాడు. రోజూ ఖాళీ సీట్ల మీద సర్దే బెల్టే. ఈసారి సర్దకుండా వదిలేశాడు.

"రామ్మా. నడుస్తూ చెబుతాను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ముందు సీటు పట్టుకుని లేచింది. ఒడిలోంచి ఏదో జారింది, చూసుకోలేదు. ఆయన ఆమె సంచీ భుజానికి తగిలించుకుని, ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపించాడు.

"ఈ వరుస నేను తుడుస్తాలే అన్నా, నువ్వెళ్లు," అన్నాడు వెనకనుంచి తోటి పనివాడు.

కిటికీ పక్క సీట్లో, విప్పిన బెల్టు మీద, కాగితపు రుమాలులో చుట్టిన సగం కేకు ముక్క ఉంది.