పనే ఉండని గోడ

పొయ్యి వెలిగించే ముందు వెనక గది గోడను వేలి కణుపులతో తట్టి చూస్తాను. నెల రోజులుగా పొద్దున లేవగానే ఇదే నా మొదటి పని. బాగున్న మట్టిగోడను తడితే ధాన్యం బస్తాను తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. ఇది డొల్లగా పలుకుతోంది. నిన్న కింది వరసలో జడపిన్ను గుచ్చితే సగం దిగింది. ఈరోజు తలదాకా దిగింది.

ఆ గోడకు ఆనుకునే అత్తయ్య మంచం.

"ఏంటే, పొద్దున్నే గోడకి నాడి చూస్తున్నావు? నాకెప్పుడైనా చూశావా?" అంది అత్తయ్య దుప్పట్లోంచే.

"మంచం ముందు గదిలో వేస్తాను, లేవండి అత్తయ్యా."

"నేను లేవను. ఇక్కడే చల్లగా ఉంది."

చల్లగానే ఉంటుంది. ఇల్లు మంచిది కాదని నేనెప్పుడూ అనలేదు. మూరెడు మందం గోడలు, కిందికి వాలిన చూరు, పైన వేడి పోయే కిటికీలు. మా అక్క మూడో అంతస్తులో కాంక్రీటు కప్పు కింద ఎండాకాలమంతా ఉడికిపోతుంటే, మేం మధ్యాహ్నం పంకా లేకుండా పడుకుంటాం. దీన్ని కట్టించింది మా ఆయన. ఇంజనీరు. పన్నెండేళ్లుగా ఈ ఇంటిని జనానికి చూపిస్తున్నాడు. గోడ ఊపిరి పీలుస్తుందంటాడు. పాతకాలం వాళ్ల తెలివి మనం పారేసుకున్నామంటాడు. చివర్లో గోడ మీద చెయ్యి వేసి, "దీనికి పనే ఉండదండీ, ఒకసారి కడితే తరాలు నిలుస్తుంది" అంటాడు. నేను అప్పుడు టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటాను. ఏటా వానలకు ముందు మట్టి జల్లించి, గడ్డి తరిగి కలిపి, నీళ్లు పోసి, పులిసిన వాసన వచ్చేదాకా నానబెట్టి, కాళ్లతో తొక్కి, ఆ ముద్దను నాలుగు గోడలకూ లోపలా బయటా అరచేత్తో మెత్తేది నేను. పద్దెనిమిది రోజుల పని. మా అమ్మ నేర్పింది. ముద్ద చేసి నడుము ఎత్తునుంచి వదిలితే పగలకూడదు, చదునైపోకూడదు అనేది. ఆ పద్దెనిమిది రోజులూ వంట మానలేదు, బట్టలు మానలేదు, అత్తయ్య మందులు మానలేదు. వచ్చినవాళ్లు గోడ నిమిరి "ఎంత నునుపు!" అంటే ఆయన "మట్టి గుణం" అంటాడు.

అయిదు నెలల కిందట నాకు గర్భసంచి తీసేశారు. ఆరు నెలలు బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. ఆరో వారానికే నీళ్ల బిందె ఎత్తాను, ఎత్తేవాళ్లు లేక. మట్టి తొక్కడం మాత్రం నా వల్ల కాలేదు. ఈ ఏడాది గోడలు అలాగే ఉండిపోయాయి. వెనక వైపు పెచ్చులూడింది. ఎవరో పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నారని ఆయన మేస్త్రీని పిలిపించి, రెండు రోజుల్లో వెనక గోడంతా బయటనుంచి సిమెంటు పూయించి, దానిమీద మట్టిరంగు వేయించాడు.

"లోపలి తడి ఎటు పోతుందండీ?" అని అడిగాను.

"గోడ ఊపిరి పీలుస్తుందని లోకానికి చెప్పేవాణ్ని నేను. నాకే పాఠాలా?"

"ఊపిరి పీల్చేదాని ముక్కు మూశారు కదా అంటున్నాను."

మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. ఆయన నవ్వలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. నేను రెండుసార్లు బతిమాలాను. ఎందుకు బతిమాలానో ఇప్పటికీ తెలియదు.

ఈ రోజు వచ్చేవాళ్లు ముగ్గురు. మిల్లు పనివాళ్లకు వంద ఇళ్లు కట్టాలట. ఈ ఇల్లు నచ్చితే ఇదే నమూనా. ఆయన అద్దం ముందు నిలబడి మాటలు వల్లె వేస్తున్నాడు. నేను పిన్ను చూపించాను. తడిమట్టి అంటుకుని ఉంది.

"తలదాకా దిగింది. అత్తయ్య మంచమన్నా జరపనివ్వండి."

"వాళ్లు వెళ్లాక చూద్దాం. అమ్మ అక్కడ పంకా లేకుండా పడుకుంటుందని చూపించాలి."

"గోడ పడితే?"

"నీకు ఈ మధ్య అన్నిటికీ కంగారే. ఆపరేషనైనప్పటినుంచీ ఇంతే."

పదిన్నరకు వచ్చారు. బయట ముసురు. ఇద్దరు మగవాళ్లు, జుట్టు నెరిసిన ఒకావిడ. ఆయన మాట్లాడుతున్నాడు. నేను మాటలు వినలేదు. మంచం కోడు పక్కన నేలమీద సన్నగా రాలిన మట్టిపొడిని చూస్తున్నాను. పొద్దున ఊడ్చాను. మళ్లీ రాలింది. టీ పళ్లెం ఇంకా నా చేతిలోనే ఉంది. "మా అమ్మకి ఎనభై ఏళ్లు. ఈ గది వదిలి రానంటుంది" అన్నాడాయన. అత్తయ్య బొమ్మలా నవ్వింది. ఆయన గోడ మీద చెయ్యి వేశాడు. "దీనికి పనే..."

పళ్లెం కింద పెట్టాను.

"అత్తయ్యా, లేవండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్తయ్య నా మొహం చూసింది. లేచింది. ఆమెను ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, పెరట్లోంచి పలుగు తీసుకుని ఇంటి వెనక్కి వెళ్లాను.

ఒక దెబ్బకు సిమెంటు బీట వారింది. రెండో దెబ్బకు తలుపంత పెచ్చు ఊడి కాళ్ల దగ్గర పడింది. దాని వెనక గోడ లేదు. జావ ఉంది. కారుతోంది.

అందరూ చూరు కిందికి వచ్చారు. "వానలు ఎక్కువై..." అన్నాడాయన. ఎవరూ ఆయనవైపు చూడలేదు.

నెరిసిన జుట్టావిడ వంగి ఆ మట్టిని వేళ్లతో నలిపింది. "మిగతా మూడు గోడలూ గట్టిగానే ఉన్నాయే. వాటిని ఏటా ఎవరు మెత్తుతారు?"



"నేను" అన్నాను. "మట్టిలో తప్పేం లేదమ్మా. ఆ వంద ఇళ్లలో గోడలు మెత్తేది ఎవరో ముందు రాసుకోండి. ఆ తర్వాత కట్టండి."

ఆవిడ రాసుకుంది.

వాళ్లు వెళ్లేదాకా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. తిరిగొచ్చి, "పన్నెండేళ్ల పేరు. ఒక్క పూటలో తీశావు" అన్నాడు.

ముందు గదిలోంచి అత్తయ్య అరిచింది. "ఒరేయ్, ముందు నా మంచం అక్కణ్నించి తియ్యరా!"

నేను పలుగును ఆయన కాళ్ల దగ్గర పెట్టాను.

"మంచం తీశాక, మిగతా సిమెంటు మీరు ఊడగొట్టండి. మట్టి ఎలా నానబెట్టాలో చెప్తాను, మీరే తొక్కండి. డాక్టరు నన్ను బరువులెత్తొద్దన్నాడు."