చేపలు చచ్చిన దడి

పాటు తీసింది. సముద్రం వెనక్కి తగ్గి, పొంతా దో సాల్ ఊరి ముందున్న బురదనేల, పర్ర అంతా బయటపడింది. మామూలుగా అయితే ఆ వేళకి ఊళ్ళో ఆడవాళ్ళు గంపలు చంకన పెట్టుకుని, చీలమండ లోతు నీళ్ళలో సూదిగడ్డిని పాదాలతో తడుముతూ గుల్లలు ఏరుతుంటారు. ఆ రోజు మాత్రం ఖాళీ గంపలతో కంపెనీ వలకంచె బయట నిలబడి, లోపల చేపలు చావడం చూస్తున్నారు.

పోటు నీళ్ళు కంచె తల మీదుగా పొంగినప్పుడు లోపలికి వచ్చిన కొయ్యంగలు అవి. నీరు తీసేశాక వలకి మూతులు గుద్దుకుని గుద్దుకుని, ఎండకి గడ్డి మీదే పడిపోయాయి. ముందు రోజువి అప్పటికే ఉబ్బాయి. కంచే చేను మేస్తుందంటారు. ఇక్కడ కంచె సముద్రాన్నే మేస్తోంది.

ముసలి జుల్మీరా ఆగలేకపోయింది. వల అడుగు ఎత్తి, పాకుతూ లోపలికి దూరి, కొట్టుకుంటున్న చేపని రెండు చేతులా ఎత్తింది.

"ఏయ్ ముసల్దానా! బయటికి నడు! ఇది కాపాడే చోటు!" కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవర్ని కాపాడతన్నావురా? చచ్చినోళ్ళనా?"

వాడు బూటుకాలితో తన్నాడు. జుల్మీరా బోర్లా పడింది. కంచె బయట నిలబడ్డ దమియానా అడుగు ముందుకు వేసి, గుంజ మీద చెయ్యి వేయబోయి, చటుక్కున వెనక్కి తీసుకుంది. ఆ పక్కన ఉన్నవాళ్ళెవరూ గుంజ ముట్టలేదు. పిరికితనం కాదు అది. పరాయి గుంజ ముట్టుకోకూడదన్నది వాళ్ళ రక్తంలో ఇంకిన కట్టుబాటు.

సియారా తీరంలో ఆ పర్రకి ఎప్పుడూ పట్టా లేదు, సర్వే రాయి లేదు. మగవాళ్ళు గుంజలు పాతి, వల బిగించి దడులు కడతారు. పోటుతో వచ్చిన చేప దడిలో చిక్కుతుంది, పాటుకి వెళ్ళి తీసుకుంటారు. పాతిన గుంజని ఒక వానాకాలం నిలబెట్టుకున్నవాడిదే ఆ చోటు. దాన్ని పీకినవాడికి ఊళ్ళో నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు.

మరి కంపెనీ గుంజలు పాతిందెవరు? చెప్పుకోవడానికి సిగ్గే. ఊరే పాతింది.

కిందటి వానలకు ముందు ఫోర్తలేజా పట్నం నుంచి కంపెనీ ఆఫీసరమ్మ వచ్చింది. చెప్పులు విప్పి బురదలో దిగింది. కర్రపెండలం పిండిలో చేపపులుసు కలుపుకుని అందరితో పాటు చేత్తో తింది. ఈ గడ్డి గాలిలోని మసిని పీల్చి వేళ్ళకింద బురదలో దాచుకుంటుందని, అడవి కంటే ఎక్కువ దాచుకుంటుందని చెప్పింది. గడ్డి ఉంటేనే చేపపిల్లకి నీడ అంది. అబద్ధమేం కాదు. గడ్డిలో మేసే సముద్రపు ఆవుని చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ సంగతి కొత్తా కాదు. దూరదేశాల్లో పొగ వదిలే ఫ్యాక్టరీలు, ఈ గడ్డి దాచిన మసిని తమ ఖాతాలో వేసుకోవడానికి కంపెనీకి సొమ్ము కడతాయట. గడ్డి ఎంత పెరుగుతుందో కొలవాలి, దానికి నాలుగు గుర్తు గుంజలు కావాలి, మావాళ్ళకి పాతడం చేతకాదు అని ఆమె నవ్వింది. ఊరు కరిగిపోయింది. మగవాళ్ళు కూలి తీసుకోకుండా సాయంపట్టుగా దిగి, డప్పు కొట్టుకుంటూ పాటలు పాడుకుంటూ పాతి ఇచ్చారు. వానలు వెళ్ళాయి. నాలుగు గుంజల మధ్య మరిన్ని గుంజలు లేచాయి, వల వచ్చింది, తుపాకులతో కాపలా వచ్చింది. అడగబోతే ఆఫీసరమ్మ అంది కదా, "వానాకాలం దాటి గుంజ ఎవరి పేర నిలబడితే చోటు వాళ్ళదేనని మీరే చెప్పారుగా!" అని.

ఆ సాయంత్రం చేపలు ఎండబెట్టే పాకలో ఊరంతా చేరింది. విరిగిన పక్కటెముకతో జుల్మీరా చాప మీద మూలుగుతోంది. దడులు కట్టడంలో పెద్దచెయ్యి, తగవులు తీర్చే పెద్దమనిషి ఒతాసీలియో గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"కంపెనీ జీపు తగలబెడదాం!" కుర్రాడు జెనివాల్ లేచాడు.

"తగలబెట్టు. రేపు పోలీసులు నీ తెప్ప తగలబెడతారు. అప్పుడు ఈతకొట్టుకుంటా పోయి వేటాడు," అన్నాడు ఒతాసీలియో.

కంపెనీ పడవ నడిపే ఎద్మిల్సన్ గొంతు సవరించుకున్నాడు. "అందరూ ఆళ్ళని తిడతన్నారుగానీ, ఆళ్ళు రాకపోతే రొయ్యల చెరువులోళ్ళు వచ్చేవోళ్ళు. గడ్డిని కాపాడతన్నారా లేదా?"

"రొయ్యల చెరువులోళ్ళ బుల్డోజరుకి అడ్డం పడుకున్నదెవరు? నువ్వా?" గుల్లలు ఏరే లిందౌరా చేతులు తిప్పింది. "ఆ రోజు జీడితోటలో దాక్కుని, మీ ఆవిడ గౌను కప్పుకుని కూర్చున్నావు!"

పాకంతా నవ్వులు.

"ఆ ఫ్యాక్టరీవోడు చుట్ట కాలిస్తే మనం ఊపిరి బిగబట్టాలా?" మరొకడు అరిచాడు. "ఆడు మాత్రం పొగ మానడంట!"

నవ్వులు ఆగాక దమియానా లేచి నిలబడింది. ఎద్మిల్సన్ వెంటనే అందుకున్నాడు. "లేచిందయ్యా గుంజలు పీకే వంశం!"

దమియానా తండ్రి ఒక ఆకలి ఏడాదిలో పక్కవాడి గుంజలు పీకి తన దడికి వేసుకున్నాడు. ఊరు అతన్ని వెళ్ళగొట్టింది. ఉప్పుమళ్ళలో కూలి చేస్తూ ఒంటరిగా పోయాడు. ఈ ఊరి కోడలై తిరిగొచ్చిన దమియానా ఇన్నేళ్ళూ నలుగురిలో నోరెత్తలేదు. ఇప్పుడు తాను అనబోయే మాట ఊరు ఒప్పుకోకపోతే, పిల్లల్ని తీసుకుని తండ్రి పోయిన దారినే పోవాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు.

"ఒతాసీలియో మావా, మా నాన్నని వెళ్ళగొట్టింది నువ్వే. తప్పనను. సాటోడి కూడు లాక్కున్నాడు. కానీ నువ్వు కట్టుబాటులో సగమే చెప్పి ఊరుకున్నావు. రెండో సగం చెప్పు. దడిలో పడ్డ చేపని తియ్యకుండా కుళ్ళబెట్టినోడికి ఏంటి శిక్ష?"

ముసలాయన తల దించుకుని వేలితో నేల మీద గీతలు గీశాడు.

"చెప్పరా," చాప మీంచి జుల్మీరా మూలిగింది. "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?"

"చోటు పోతుంది," అన్నాడు ఒతాసీలియో ఎట్టకేలకు. "ఆడి గుంజలు ఊరు పీకేస్తుంది."

"అది మనలో మనకి!" ఎద్మిల్సన్ చిందులేశాడు. "కంపెనీకి మన కట్టుబాటేం తెలుసు?"

"గుంజ ఎవరిదైతే చోటు ఆళ్ళదేనని ఆఫీసరమ్మ అనలేదా? మొదటి సగం అంత బాగా వంటపట్టిందిగా! రెండో సగం మనం నేర్పుదాం," అంది దమియానా. "కంచె మొదట్లో బురద మేటేసి గడ్డి పసుపెక్కి కుళ్ళిపోతంది, చూశారా? ఆళ్ళకి గడ్డి అక్కర్లేదు మావా. గడ్డి ఉందని అమ్ముకోడం కావాలి. గడ్డి కావాల్సింది మనకి. అది పోతే చేప లేదు, గుల్ల లేదు, మనం లేం."

వాదం చాలాసేపు సాగింది. కేసులు పెడతారన్నారు, కాల్చేస్తారన్నారు. ఎద్మిల్సన్ విసురుగా లేచి వెళ్ళిపోయాడు. చివరికి ఒతాసీలియో మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"ఒక్కడు పీకితే దొంగతనం. ఊరు పీకితే తీర్పు. రేపు పాటుకి ఏ ఒక్కరూ ఇంట్లో ఉండొద్దు."

మర్నాడు పాటు తీసేసరికి పర్ర మీద ఊరు దిగింది. బాలింతలు కూడా వచ్చారు. కాపలావాడు గాల్లోకి కాల్చాడు. జనం ఆగకపోయేసరికి ఫోను చేసుకుంటూ వెనక్కి పరుగెత్తాడు. ఒతాసీలియో మొదటి గుంజ దగ్గర ఆగి, "రా, నువ్వు పట్టు," అని దమియానాని పిలిచాడు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పట్టుకుంది. గుంజ పాతినవాళ్ళకే పీకే కిటుకు తెలుస్తుంది. మొదలు చుట్టూ బురదని కాళ్ళతో తొక్కి నీరు ఎక్కించి, తాడు వేసి, అటు ఊపి ఇటు ఊపి, ఒక్క కేకతో లాగారు. బురద గుటకేసినట్టు చప్పుడై గుంజ లేచింది. ఊరు ఊరంతా అరిచింది. ఆడవాళ్ళు వల చీల్చి, ప్రాణమున్న చేపల్ని గంపల్లో ఎత్తుకెళ్ళి నీళ్ళలో వదిలారు.

చివరి వరసకి వచ్చేసరికి పోలీసు జీపు పర్ర మీదికే వచ్చేసింది. సార్జెంటు దిగాడు.

"ఎవరు మొదలెట్టారు?"

"ఇదే సార్! దీని బాబు కూడా గుంజల దొంగంట!" కాపలావాడు దమియానాని చూపించాడు. ఎద్మిల్సన్ నోటి పుణ్యం అది.

ఆమె చేతులు కట్టి జీపులోకి తోశారు. ఒతాసీలియో జీపు ముందు బైఠాయించాడు. "ఊరు పీకింది సారూ. ఊరిని ఎక్కించుకో."

ఆయన వెనక ఊరంతా కూర్చుంది. లాఠీలు లేచాయి. జెనివాల్ తల పగిలింది. లిందౌరా మోచెయ్యి విరిగింది. పడ్డవాళ్ళని మధ్యలోకి లాక్కుని ఇంకొకళ్ళు ముందుకు జరిగారు. సార్జెంటు మనుషుల్నే చూస్తున్నాడు, సముద్రాన్ని చూడటం లేదు. పోటు మొదలైంది. చక్రాల కింద ఇసుక కరిగింది. డ్రైవరు ఇంజను రెచ్చగొట్టినకొద్దీ జీపు పాతుకుపోయింది.

"లేవండ్రా! తొయ్యండి!" సార్జెంటు గొంతు చించుకున్నాడు.

"పోటుకి ఎదురు తోసే అలవాటు మాకు లేదు సారూ," అంది లిందౌరా, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని. "మాకు ఈత వచ్చు. మరి తమరికో?"

నీళ్ళు జీపులోకి వచ్చాయి. సార్జెంటు బూతులు తిట్టి, దమియానాని కిందికి దించి, ఒడ్డుకి నడిపించాడు. టౌను దాకా ఒడ్డు వెంట నడకే. తడిబట్టలతో పోలీసులు ముందు, పొంతా దో సాల్ అంతా వెనక. ఎవరూ రాళ్ళు వెయ్యలేదు, ఎవరూ వెనుదిరగలేదు.

పక్క ఊరు ఒలారియా దగ్గర జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. వాళ్ళ పర్రలో కూడా కంపెనీ గుంజలు తలలెత్తి నిలబడి ఉన్నాయి.

"ఏం చేసిందని ఆ పిల్లని కట్టేశారు?" గంప పట్టుకున్న ఒకావిడ అడిగింది.

"కుళ్ళిన దడి పీకాం అక్కా," అంది దమియానా. "మీ దడిలో చేపలు చస్తన్నాయా?"

ఆవిడ పర్ర వైపు చూసింది. "పాటు తీస్తే చాలు, కంపుకి అన్నం దిగట్లేదు."

"మరి ఇంకా ఎవరి కోసం చూస్తన్నారు?"

ఆవిడ గంప కింద పెట్టింది. "ఒసే, తాళ్ళు తెండే!" అని వీధిలోకి కేకేసింది. చూస్తుండగానే ఇళ్ళలోంచి తాళ్ళు వచ్చాయి, మనుషులొచ్చారు. పాటు దాకా ఆగలేదు. నడుం లోతు నీళ్ళలోకే దిగారు.

"ఆగండి! ఎవరూ కదలొద్దు!" సార్జెంటు అరిచాడు. తన వెంట ఉన్న నలుగురు పోలీసుల్ని చూశాడు. ఇక్కడ ఆగితే వెనక వస్తున్న ఊరు ఖైదీని విడిపించుకుపోతుంది. ముందుకు పోతే ఇక్కడ గుంజలు లేచిపోతాయి. మొదటి గుంజ లేచిన కేక నీళ్ళ మీంచి వినిపించింది.

"నడవండి సారూ," అంది దమియానా, కట్టిన చేతులు ముందుకు చాపి. "టౌను ఇంకా దూరం. దారి పొడుగునా ఊళ్ళున్నాయి."