ఎనిమిదో ఇంటి దాకా

ఆ మంగళవారం మధ్యాహ్నం మూడింటికి సత్యభామగారు మా ఇంటికి రావాలి. రాలేదు. రాలేదన్న సంగతి నేను నాలుగున్నర దాకా గమనించలేదు.

కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నా చేతిలో ఉన్న డిటెక్టివ్ నవల ఇంకో యాభై పేజీల్లో అయిపోతుంది. ఇంగ్లండులో ఒక పల్లెటూరు, చర్చి వెనకింట్లో హత్య, అనుమానించదగినవాళ్ళు తొమ్మిది మంది. ఆవిడ వస్తే హంతకుడెవరో చెప్పేస్తారు. ఇంకాసేపు రాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను కూడా.

సత్యభామగారిది తెనాలి. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. డెబ్బై రెండేళ్ళు. ఇక్కడ విదేశంలో, పాయింట్ కుక్ అనే శివారులో మా వీధి రెండో ఇంట్లో, కొడుకు వంశీధర్, కోడలు హరిప్రియ దగ్గర ఉంటారు. నేను చివరన, పన్నెండో ఇంట్లో, మా అమ్మాయి దగ్గర. నా భార్య రత్నకుమారి పోయి మూడేళ్ళయింది. లైబ్రరీలో పెద్దక్షరాల పుస్తకాల అర ముందు సత్యభామగారూ నేనూ ఒకే పుస్తకం మీద చెయ్యి వేశాం. అప్పటినుంచి ఆవిడకు నేను దాసు అన్నయ్యగారిని.

నేను వరసగా చదువుతాను. ఆవిడ ముందు చివరి పేజీ చదివి, తర్వాత మొదటికొస్తారు.

"అలా చదివితే ఇంకేముందమ్మా?" అని అడిగానోసారి.

"చివరికి అందరూ ఏమవుతారో తెలిస్తే మధ్యలో గుండెదడ ఉండదు అన్నయ్యగారూ. బతుకులో ఎలాగూ ఆ సౌకర్యం లేదు. చదివే పుస్తకంలోనైనా ఉండొద్దా?"

ఆ కథల్లో మా ఇద్దరికీ నచ్చింది హత్యలు కాదు, ఆ ఊళ్ళు. అక్కడ పోస్టుమాన్‌కి తెలియని ఉత్తరం ఉండదు. ఎవరింటి దీపం ఎంతసేపు వెలిగిందో ఎదురింటి ముసలావిడ చెబుతుంది. ఒక మనిషి కనబడకపోతే పాలు పోసేవాడు పొద్దున్నే పట్టేస్తాడు. మా వీధిలో గరాజ్ తలుపు లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగుతుంది. అంతే. ఇళ్ళు ఒకవైపే. రెండోవైపు గడ్డిమైదానం, దాని వెనక రెల్లు పెరిగిన చెరువు.

అందుకే ఆ ఊళ్ళలోలాంటి పని ఒకటి ఆవిడే పెట్టుకున్నారు. మంగళవారం పొద్దున్న చెత్త బండి వచ్చి వెళ్ళాక ఖాళీ బిన్లు, నడుమెత్తు చక్రాల చెత్తడబ్బాలు, రోడ్డంచున నిలబడి ఉంటాయి. ఇంటికి రెండు. మధ్యాహ్నం రెండింటికి మొదటి ఇంటి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ఇంటివీ దొర్లించుకెళ్ళి, పక్కసందు గేటు తీసి, లోపల పెట్టి వచ్చేవారు.

"బడి నుంచి పిల్లలొచ్చే వేళకి వీధి పొడుగునా ఖాళీ బిందెలు ఎదురొస్తే ఏం శకునం అన్నయ్యగారూ అది? కంట పడకుండా గేటు వెనక్కి పోవాల్సిందే."

"ఇవి బిందెలు కావు కదమ్మా."

"ఖాళీవా కాదా?"

ఎనిమిది నెలలుగా ఈ పని నాకు తప్ప ఎవరికీ తెలియదు. మగవాళ్ళు భార్య తెచ్చిందనుకుంటారు, ఆడవాళ్ళు భర్త తెచ్చాడనుకుంటారు. చివరగా మా బిన్లు లోపల పెట్టి, చేతులు కడుక్కుని, మూడింటికి టీకి కూర్చునేవారు.

నాలుగున్నరకి ఫోన్ మోగింది. హరిప్రియ.

"అంకుల్, అత్తయ్యని ఇప్పుడే పంపకండి. ఎండ ఇంకా ఫార్టీ వన్ డిగ్రీస్ ఉంది. నా మీటింగ్ అయిపోయింది, నేనే కార్‌లో వచ్చి పిక్ చేసుకుంటా."

"ఇక్కడికి రాలేదమ్మా."

అవతల ఆమె గబగబా మెట్లు దిగుతున్న చప్పుడు. ఇవతల ఎడారి మీదుగా వచ్చే వేడి ఉత్తరపు గాలి మా కిటికీ అద్దాన్ని కొడుతున్న చప్పుడు వినిపించింది.

"ఫోన్ ఇక్కడే చార్జింగ్‌లో ఉంది అంకుల్. చెప్పులు లేవు."

పరుగెత్తాను. పది ఇళ్ళ దూరం. నోట్లోకి వేడి దుమ్ము. నేను వెళ్ళేసరికే హరిప్రియ ఇల్లంతా వెతికి, అత్యవసర నంబరు ట్రిపుల్ జీరోకి ఫోన్ చేసి ఉంది. ఐదింటికి ఇంటి నిండా జనం. పదకొండో ఇంటి నాగభూషణంగారు వీధి వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్. ఆయన అప్పటికే ఫొటో పెట్టేశారు. పోలీసమ్మాయి ఒకతె చెరువు వైపు వెళ్ళింది, ఇంకొకాయన వివరాలు రాసుకున్నాడు. ఈ ఎండలో ఆ వయసు మనిషికి ఎక్కువ టైము లేదని మామూలు గొంతుతో చెప్పి బయటికి నడిచాడు.

ఆ తర్వాత నేను చేసిన పని నాకు చచ్చేదాకా గుర్తుంటుంది.

హాల్లో ఆడా మగా పది మంది ఉన్నారు. నా పుస్తకంలో చివరి అధ్యాయం సరిగ్గా ఇలాగే ఉంది, అందరూ ఒకే గదిలో. నలభై ఏళ్ళుగా డిటెక్టివ్ నవలలు చదివిన బుర్ర నాది. మనిషి ఊరికే మాయమవదు, ఏదో జరిగి ఉంటుంది అనుకున్నాను. బిన్ల సంగతి తట్టింది, నిజమే. కానీ ఈ ఎండలో ఆ పనికి వెళ్ళి ఉండరులే అని పక్కన పెట్టేశాను. నేను వెతికింది కారణం కోసం.

"అమ్మా హరిప్రియా, నిన్న రాత్రి ఇంట్లో మాటా మాటా అనుకున్నారా?"

హరిప్రియ తలెత్తి చూసింది. మిగతా వాళ్ళంతా ఆమె వైపు తిరిగారు.

"మాటా మాటా అంటే... వద్దన్నాను అంకుల్. రేపు గడప దాటొద్దన్నాను."

"గట్టిగానా?"

"గట్టిగానే. ఆవిడ వినరు కదా."

ఎవరో ఆడమనిషి చిన్నగా "అయ్యో" అంది. ఆ అయ్యో సత్యభామగారి కోసమని నాకనిపించలేదు. నాగభూషణంగారి వేళ్ళు ఫోన్ మీద కదిలాయి. రెండు నిమిషాల్లో హరిప్రియ ఫోన్ మోగింది. వంశీధర్ ఆఫీసు నుంచి బయల్దేరి వెస్ట్‌గేట్ వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాడు. స్పీకర్ ఆన్‌లో లేదు, అయినా అతని గొంతు గదంతా వినిపించింది.

"అమ్మని గడప దాటొద్దన్నావా? గ్రూప్‌లో ఏంటది? ఏమన్నావ్ అసలు?"

"వంశీ, ఎండ అని..."

"ఏమన్నావో చెప్పు ముందు!"

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టేసింది. ఏడవలేదు. ఎదురుగా నేనున్నాను కాబట్టి నా వైపే చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

అలిగి వెళ్ళినావిడ ఎటు వెళ్తుంది? అందరూ ఇక దాని మీదే పడ్డారు. గుడికా? స్టేషన్‌కా? సిటీలో ఉన్న దూరపు బంధువులింటికా? నాగభూషణంగారు నన్ను కారెక్కించుకున్నారు. బస్టాపులు, షాపింగ్ సెంటరు, స్టేషను దారి. అద్దాలు మూసి, ఏసీ వేసి, వీధిలోంచి మూడుసార్లు అటూ ఇటూ తిరిగాం. చెరువు గట్టున ఇప్పుడు నలుగురు పోలీసులున్నారు. ఒకడు మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి రెల్లు పక్కకి తోస్తున్నాడు. అటు చూడకుండా ఉండటానికి నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

"ఈ కాలం కోడళ్ళు మరి," అన్నారు నాగభూషణంగారు. "మీరు అడిగారు కాబట్టి బయటపడిందండీ. లేకపోతే మాకు తెలిసేదా?"

నేను ముందున్న ఇంకో బస్టాపు చూపించి, అటు పోనివ్వమన్నాను.

ఆరు కావస్తుంటే తల తిరిగినట్టనిపించి, ఇంటి దగ్గర దింపమన్నాను. బీపీ మాత్ర వేసుకుని మళ్ళీ వస్తానన్నాను. ఆయన కారు పక్కకి తీయబోయి హారన్ కొట్టారు.

"ఏంటండీ ఇది, దారికడ్డంగా! మీ బిన్లే. కాస్త తీయండి."

దిగి, బిన్ పిడి పట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. పిడి మీద మాసిన గోధుమరంగు గీతలున్నాయి, ఎడమ పక్క చిన్న పగులుంది. అవి నేను ఎప్పుడూ చూడలేదు. మంగళవారం నాడు ఈ పిడి పట్టుకుని ఎనిమిది నెలలైంది.

తల తిప్పి వీధి వైపు చూశాను.

మా ఇంటి ముందు రెండు. నాగభూషణంగారి ఇంటి ముందు రెండు. పదో ఇంటి ముందు, తొమ్మిదో ఇంటి ముందు రెండేసి. ఆ పైన ఒక్కటీ లేదు. ఎనిమిదో ఇంటి నుంచి మొదటి ఇంటి దాకా రోడ్డంచు ఊడ్చిపెట్టినట్టుంది.

ఆవిడ వచ్చారు. ఎనిమిదో ఇంటి దాకా వచ్చారు.

నాలుగున్నరకి ఈ ఎనిమిది బిన్ల పక్కనుంచే పరుగెత్తాను నేను.

"ఎక్కడికండీ? దాసుగారూ!" నాగభూషణంగారు కారు అద్దం దించారు.

"ఎనిమిదో ఇంటికి. సుబ్బరాజు వాళ్ళింటికి."

"వాళ్ళెవరూ లేరండీ. పొద్దున్న నాలుగింటికి ఎయిర్‌పోర్టులో నేనే దింపా. నెల దాకా రారు."

"చెత్త బండి ఏడింటికి కదా వచ్చింది? వాళ్ళ బిన్లు మరి లోపలెవరు పెట్టారు?"

ఆయన కారు తలుపు తెరిచి వదిలేసి నా వెనకే వచ్చారు.

సుబ్బరాజు ఇంటి పక్కసందు గేటు నిలువెత్తు చెక్క గేటు. గాలికి గట్టిగా మూసుకుని, గడియ దానంతటదే పడిపోయి ఉంది. గడియ బయటే. లోపలినుంచి లాగడానికి ఒక తాడుండాలి, అది తెగిపోయి చిన్న ముక్క మాత్రం కన్నంలో వేలాడుతోంది. నా చేతిలోంచి గడియ రెండుసార్లు జారింది. నాగభూషణంగారు చెయ్యి వేసి లేపారు.

ఒక బిన్ పక్కకి పడి ఉంది. రెండోది గేటుకి అడ్డంగా. దాని నీడలో, సిమెంటు మీద, సత్యభామగారు ఒక పక్కకి ఒరిగి పడి ఉన్నారు. కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. తల చుట్టూ తడి కొంగు చుట్టుకుని ఉంది.

తడి. ఆ తడి ఎలా వచ్చిందో ముందు నాకర్థం కాలేదు. తర్వాత చూశాను. ఆవిడ చేతికందేంత దూరంలో పెద్ద కుండీలో కరివేపాకు మొక్క. సుబ్బరాజు భార్య ఆ మొక్కని చలికాలమంతా దుప్పటి కప్పి బతికించుకుంది. నెల రోజులు ఊళ్ళో ఉండం కదా అని దానికి సన్నటి నీటిగొట్టం పెట్టి, టైమర్ బిగించి వెళ్ళింది. రోజూ సాయంత్రం నాలుగింటి నుంచి రెండు గంటలసేపు చుక్కలు చుక్కలుగా నీళ్ళొస్తాయి. ఆ నీళ్ళలోనే కొంగు తడుపుకుని, పిండుకుని తాగారు.

"అమ్మా! సత్యభామమ్మా!"

కళ్ళు తెరిచారు. పెదాలు పగిలి ఉన్నాయి. నాగభూషణంగారు వీధిలోకి అరుస్తున్నారు. చెరువు గట్టు నుంచి పోలీసులు, రెండో ఇంట్లోంచి జనం పరుగున వస్తున్న చప్పుడు. ముందు చేరింది హరిప్రియ. చెప్పుల్లేకుండా, కాలే రోడ్డు మీద పరుగెత్తి వచ్చింది.

ఆమెను ఆవిడ ఇంకా చూడలేదు. నా చొక్కా పట్టుకుని, గొంతు పెగుల్చుకుని అన్నారు.

"హరికి చెప్పకండి అన్నయ్యగారూ. ఎండలో వద్దు అత్తయ్యా, మీరు పడితే నేను తట్టుకోలేనని రాత్రి మొత్తుకుంది పాపం. నేనే... అది పైన మీటింగ్‌లో ఉంటే..."

గేటు దగ్గర చేరిన పది మందీ విన్నారు. హరిప్రియ ఆ సిమెంటు మీదే కూలబడి అత్తగారి తల ఒళ్ళోకి తీసుకుంది.

"చెప్పరులే అత్తయ్యా. ఎవరూ చెప్పరు."

అంబులెన్స్ వచ్చేసరికి గాలి మారింది. సముద్రం వైపు నుంచి చల్లగాలి ఒక్కసారిగా తోసుకొచ్చింది. పది నిమిషాల్లో చొక్కా చెమట ఆరిపోయింది. ఆ గాలి నాలుగింటికే వచ్చి ఉంటే అనిపించింది. కనీసం ఇప్పుడైనా వచ్చింది అని కూడా అనిపించింది.

ఇంటికొచ్చి గ్రూపులో రాశాను: "హరిప్రియ గడప దాటొద్దన్నది ఎండ గురించి. అందరి ముందూ ఆ ప్రశ్న అలా అడిగినవాణ్ణి నేను. తప్పు నాది. ఎనిమిది నెలలుగా మన బిన్లు లోపల పెడుతున్నది సత్యభామగారు." కాసేపటికి నాగభూషణంగారు తన పాత సందేశం తీసేశారు. ఆ తర్వాత నేను నాలుగు ఇళ్ళ బిన్లూ గేట్ల వెనక పెట్టి వచ్చాను. ప్రతి గేటు లోపలా తాడు లాగి చూశాను. తొమ్మిదో ఇంటిది కూడా తెగి ఉంది. మా ఇంట్లోంచి నైలాను తాడు తెచ్చి ముడేశాను.

తుంటి ఎముకకి ఆపరేషన్ అయిన మూడో రోజు ఆస్పత్రికి వెళ్ళాను, ఆ నవల పట్టుకుని. వంశీధర్ కింద కారు పార్క్ చేస్తున్నాడు. హరిప్రియ మంచం పక్కన ఉంది.

"మీ కారు మూడుసార్లు వెళ్ళింది అన్నయ్యగారూ," అన్నారు సత్యభామగారు. "నాగభూషణం కారు చప్పుడు నాకు తెలుసు. అరిచాను. గొంతు రాలేదు."

"నేనందులోనే ఉన్నానమ్మా."

"ఉంటారని తెలుసు." ఆవిడ దిండు మీద తల సర్దుకున్నారు. "అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. చివర ఏముందో తెలియకుండా నాలుగ్గంటలు."

నేను పుస్తకం అందించబోయాను. ఆవిడ చేతికి సెలైన్ సూది ఉంది. హరిప్రియ అందుకుంది.

"మొదటినుంచి చదవమంటారా అత్తయ్యా?"

"మొదటినుంచా? ఇంకానా? ఆ దడ ఒక్కసారి పడ్డాను, చాలదూ? చివరి పేజీ తియ్యి."

హరిప్రియ నవ్వింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ముందు ఫ్లాస్కు మూత తీసి అందులో కాఫీ పోసింది. ఆ మూత ఒక్కటే ఉంది, వేరే కప్పు లేదు. అత్తగారికి ఇస్తుందనుకున్నాను.

"వేడిగా ఉంది అంకుల్, జాగ్రత్త," అని నా చేతిలో పెట్టి, చివరి పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టింది.