ఇరవై రెండో రోజు ప్రసంగం

ఆ ఆదివారానికి పాస్టరుగారు భార్యతో మాట్లాడి ఇరవై రెండు రోజులైంది. సంఘపెద్దల ముందు ఆయన ఏదో తేదీ తప్పు చెబితే ఆమె సరిదిద్దింది. అంతే. ఆయన తిట్టలేదు, చెయ్యెత్తలేదు. నోటికి తాళం వేసుకున్నాడు. ఏం కావాలన్నా చీటీ రాసి ఫ్లాస్కు కింద పెట్టేవాడు. చొక్కా గుండీ ఊడిందనో, మూడింటికి మీటింగనో. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది కనుక చీటీలు చదవడం కొత్త కాదు. ఈ చీటీలకే ఏ మందివ్వాలో తెలియలేదు.

పెళ్లయిన పన్నెండేళ్లలో ఇది ఎన్నోసారో ఆమె గుర్తుపెట్టుకోవడం మానేసింది. ఒకసారి తల్లితో అంటే, దేవుడి సేవకుడి మీద నోరు జారకని మందలించింది. ఇల్లు మందిరాన్ని ఆనుకునే ఉంది, మధ్యలో ఒక్క గోడ. తనివితీరా ఏడుద్దామన్నా అవతల పాటలు నేర్చుకునేవాళ్లకు వినబడుతుంది.

ఆ రోజూ ఆమె ముందు వరసలో తన కుర్చీలో కూర్చుంది. మాటలు తెగిన మనుషులతో సమాధానపడడం గురించి ఆయన ప్రసంగించాడు.

"మీ కానుక బలిపీఠం దగ్గరే వదిలెయ్యండి. ముందు వెళ్లి మాట్లాడండి. తప్పెవరిదని తూకం వెయ్యకండి."

ఆయన గొంతు వణికింది. అది నటన కాదని ఆమెకు తెలుసు. నటనైతే అసహ్యించుకుని ఊరుకునేది. ఒళ్లు మండుతుండగానే ఆమె కళ్లు చెమర్చాయి.

లాండ్రీలో ఇస్త్రీ చేసే ముసలామె ప్రసంగం సగంలో లేచి బయటికి వెళ్లిపోయింది. సొంత కూతురితో ఆమెకు ఆరేళ్లుగా మాటల్లేవు. మధ్యాహ్నానికి ఆ కూతురిని వెంటబెట్టుకుని పాస్టరుగారింటికి వచ్చింది. బస్సెక్కి వెళ్లి కూతురి గుమ్మంలో నిలబడితే నోట మాట పెగల్లేదట, చేతులు పట్టుకుందట. ఇద్దరి కళ్లూ వాచి ఉన్నాయి. వెళ్లేముందు ముసలామె పాస్టరమ్మ గడ్డం పట్టుకుంది.

"అదృష్టవంతురాలివమ్మా. రోజూ ఈయన మాట వింటావు."

మింగలేక, కక్కలేక ఆమె నవ్వింది. ఆయన నేలచూపులు చూశాడు.

వాళ్లు వెళ్లాక ఆమె ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"మీరు చెప్పింది నిజమండీ. వాళ్లను చూశాంగా. మరి ఆ మాట ఈ గోడ దాటి నాదాకా ఎందుకు రాదు?"

ఆయన పెన్సిలు అందుకుని మళ్లీ పెట్టేశాడు. "చెప్పగలను. చెయ్యడం చేతకాదు," అన్నాడు. చిన్నప్పుడు తమ ఇంట్లోనూ నెలల తరబడి ఇలాగే ఉండేదనీ, ఒకసారి నోరు మూతపడితే తెరుచుకునే దారి తనకే తెలియదనీ తలెత్తకుండా చెప్పాడు.

మరుసటి ఆదివారం ఆయన ప్రసంగం ఆపి, భార్యతో ఇరవై రెండు రోజులు మాట్లాడలేదని అందరి ముందూ ఒప్పుకున్నాడు. మందిరమంతా వెక్కిళ్లు. బయటికొచ్చాక సంఘపెద్దల్లో పెద్దాయన ఆయన భుజం తట్టి, మా కోసం మిమ్మల్ని మీరు ఎంత తగ్గించుకున్నారండీ, ఉదాహరణ భలే చెప్పారు అన్నాడు. ఉదాహరణ కాదు, నిజమేనని ఆయనంటే, అదే మీ వినయం అని నవ్వేశాడు. మూడు జంటలు ప్రార్థనకు ఆగిపోయాయి.

అందరూ వెళ్లాక ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవరూ నమ్మలేదు."

"నేను నమ్మానుగా."

"క్షమించావా?"

"ఇంకా లేదండి. ముందు కూర్చుని మాట్లాడండి."

కూర్చున్నాడు. గంటసేపు గుక్క తిప్పుకోకుండా ప్రసంగించే మనిషికి మాట దొరకలేదు. చివరికి, షాపులో రోజంతా నిలబడితే కాళ్లు నొప్పులు పుడతాయా అని అడిగాడు. పన్నెండేళ్లలో ఆ ప్రశ్న మొదటిసారి. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

మౌనం మళ్లీ రాలేదని కాదు. వర్షాకాలంలో తొమ్మిది రోజులు వచ్చింది. ఆ మధ్యలో వచ్చిన ఆదివారం కూడా ఆయన వాక్యం చెప్పాడు, ఎవరో కన్నీళ్లు తుడుచుకున్నారు, ఆమె ముందు వరసలోనే కూర్చుంది. పదో రోజు ఆయనే వచ్చి, పిలవకుండానే, ఆమె ఎదుట కూర్చున్నాడు.