ముందు ఆకు, తర్వాత మాట

నారాయణఖేడ్ బజారులో కుర్చీ ఉన్న దుకాణం నాదొక్కటే. ఆ కుర్చీ వల్లే నేను ఊరి పెద్దనయ్యాను. తహసీల్దారు సాబు గుర్రం దిగితే కూర్చోవడానికి మా అరుగు తప్ప వేరే చోటు లేదు. కూర్చున్న మనిషి ఎవరితోనో ఒకరితో మాట్లాడాలి కదా, ఎదురుగా నేనుంటాను. దీన్ని నేను మహాదేవప్ప తెలివి, అంటే నా తెలివి అనుకునేవాణ్ణి. నా భార్య నీలాంబిక మాత్రం కుర్చీ తెలివి అనేది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక సాబు ఒక నక్ష తెచ్చి మా అరుగు మీద పరిచాడు. ముప్పై ఏళ్ళలో ఊరు ఎంత పెరుగుతుంది, అంగడి ఎక్కడ పెట్టాలి, కొత్త ఇళ్ళు ఏ దిక్కున రావాలి, దవాఖానకు జాగ ఏది, అన్నీ అందులో గీసి ఉన్నాయి. నిజాం సర్కారులో మమ్మల్ని ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. ఈ సాబు కొత్త రకం మనిషి. ఊరివాళ్ళ ఇష్టం కనుక్కోకుండా నక్షను బీదరు జిల్లా కచేరీకి పంపనన్నాడు. ఆ కనుక్కునే పని నాకు అప్పగించాడు. ఆ రోజు నేను కొంచెం పొడుగయ్యాననిపించి, ఇంట్లోకి పోతూ తల వంచాను. మా గుమ్మం నాకు ఎప్పుడూ తగల్లేదు, ఆ రోజూ తగల్లేదు.

నక్ష ప్రకారం వారం వారం జరిగే అంగడి ఇరుకు గల్లీలోంచి తూర్పున ఉన్న మైదానానికి మారుతుంది. ఆ మైదానాన్ని ఆనుకొని నా కంది చేను ఉంది. అంగడి వస్తే కంది చేను కాస్తా దుకాణాల జాగ అవుతుంది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలిసిందే గనక చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ మైదానంలోనే ఒక బావి ఉంది. కిరస్తానంలో కలిసినవాళ్ళుండే మిషన్ వాడ వాళ్ళు తవ్వుకున్న బావి. అంతకుముందు వాళ్ళు ఊరి బావి దగ్గర కుండలు దించుకొని, ఎవరైనా దయతలచి నీళ్ళు పోసేదాకా ఎండలో నిలబడేవాళ్ళు. ఒక కరువు ఏడు లాజరు, అతని భార్య రిబ్కమ్మ, వాడలో చేతనైన వాళ్ళంతా కలిసి రాయి కొట్టి నీళ్ళు పట్టారు. లాజరు ఇప్పుడు లేడు. రిబ్కమ్మ ఉంది, బావి ఉంది. నక్షలో అంగడి గీత ఆ బావిని లోపల వేసుకొని పోయింది. బావి అంగడిదైతే నీళ్ళు అందరివీ అవుతాయి, అంటే వాళ్ళవి కాకుండా పోతాయి. ఇది నాకు తెలియంది కాదు. అంగడికి నీళ్ళు కావాలి కదా, బావి తయారుగానే ఉంది అని సాబుకు చెప్పింది నేనే. చెప్పి, ఎంత ముందుచూపో అని నా భుజం నేనే చరుచుకున్నాను.

ఇక ఊరి మాట కనుక్కోవడం మొదలుపెట్టాను. రోజూ పొద్దుగూకే వేళ ఒక్కో గల్లీ వాళ్ళను అరుగు మీదికి పిలిచేవాణ్ణి. మా ఇంటి గడపకు వచ్చినవాడికి ముందుగా ఆకువక్క అందించడం మా నాయన నాటి మర్యాద. ఇత్తడి తాంబాళంలో ఆకులు తడిగుడ్డలో చుట్టి, వక్కా సున్నం పక్కన పెట్టి, నా చేత్తో నేనే ఇచ్చేవాణ్ణి. వాళ్ళు రెండు చేతులా అందుకునేవాళ్ళు. ఆ తర్వాత నక్ష చూపించి ఎట్లుంది అని అడిగేవాణ్ణి. బాగుందనేవాళ్ళు.

మా వైపు ఒకరి చేతి ఆకు అందుకోవడమంటే మాట ఇవ్వడమే. సంబంధం కుదిరినా ఆకుతోనే, ఎద్దుల బేరం తెగినా ఆకుతోనే, పాలివాళ్ళ తగాదా తీరినా ఆకుతోనే. అందుకున్నవాడు ఆ తర్వాత కాదంటే వాణ్ణి మనిషిగా లెక్కవేయరు. మెడలో లింగం కట్టిన నాటి నుంచీ నాకు ఈ సంగతి తెలుసు. అయినా నేను ఇస్తున్నది మర్యాద అనుకున్నాను. వాళ్ళు అందుకుంటున్నది మాట. గానుగ మొగులయ్య సంగతే చూడండి. అంగడి గల్లీలోంచి పోతే అతని నూనె కొనేవాడు ఉండడు. అతను కూడా నా ఆకు అందుకొని, నక్ష వైపు చూడకుండా, గట్లనే కానీ అని లేచిపోయాడు. నా మాటలో తేనె ఉందనుకున్నాను. ఉన్నది సున్నం.

నీలాంబిక తలుపు చాటు నుంచి నాలుగు రోజులు చూసింది. "ఏన్రీ, ముందు మాట అడిగి, తర్వాత ఆకియ్యరాదా?" అంది. వచ్చినవాళ్ళను ఉత్త నోటితో కూర్చోబెట్టడం మా ఇంటి పద్ధతి కాదని గట్టిగా మందలించాను. ఆమె ఊరుకుంది. ఆమె ఊరుకుందంటే నేను గెలిచానని అప్పట్లో నా నమ్మకం.

మిషన్ వాడ వాళ్ళు ఒక సాయంత్రం వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. అరుగు ఎక్కలేదు, నేను ఎక్కమనలేదు. దుకాణం ముందున్న సరుకు బండి నీడన నిలబడ్డారు. అక్కడికి దిగిపోయే అలవాటు మా తాంబాళానికి లేదు. ఉప్పు కొన్నా మేము వాళ్ళ కొంగులో పైనుంచి పోసేవాళ్ళమే గాని చేతికిచ్చింది లేదు. రిబ్కమ్మ ముందు నిలబడి నా వైపు కాసేపు చూసింది. నేను నక్ష మడిచే పనిలో పడ్డాను. వాళ్ళు వెళ్ళిపోయారు. మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టే అని సాబుకు చెప్పాను.

సాబు మళ్ళీ వచ్చిన రోజు ఊరంతా మా దుకాణం ముందు చేరింది. నేను కొత్త రుమాలు చుట్టుకున్నాను. పండగ లాంటి రోజు గదా అని తాంబాళం మళ్ళీ ఒక చుట్టు తిప్పాను. సాబు నక్ష విప్పి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. ఉబ్బిన బుగ్గలతో అందరూ నేల చూశారు. ఇంత ఐకమత్యం ఏ ఊర్లోనూ చూడలేదని సాబు సంబరపడ్డాడు. నేను మీసం మీద చెయ్యి వేశాను.

"నాకుంది సాబ్" అని బండి దగ్గర నుంచి వినిపించింది.

రిబ్కమ్మ. ఎవరీమె అని సాబు నన్ను అడిగాడు. నేను తడబడుతుంటే ఆమే చెప్పుకుంది.

"గా బావి మేం తవ్వుకున్నం సాబ్. ఆడ అంగడి పెడ్తే మల్ల మా కుండలు ఎండల నిలవడాలె. అంగడి ఇంకో దిక్కు పెట్టుండ్రి."

సాబు నా వైపు చూశాడు. అప్పుడు నా గొప్ప బుర్ర ఒక ఉపాయం చెప్పింది. ఆకు అందుకున్నవాళ్ళంతా ఊరుకున్నారు, అందుకోనిది ఈమె ఒక్కతే. తాంబాళంలోంచి ఆకూ వక్కా తీసుకొని అరుగు దిగాను. మా వంశంలో ఆకు పట్టుకొని ఆ మెట్లు దిగినవాడు లేడు. జనం గుసగుసలాడుకున్నారు. తీసుకో రిబ్కమ్మా, నిమ్మళంగా మాట్లాడుకుందాం అని చెయ్యి చాపాను. నా ఉపాయం ఎవరికీ తెలియదనుకున్నాను. చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది.

ఆమె ఆకు వైపు చూసింది, తర్వాత నా మొహం చూసింది.

"ఆకు తర్వాత తీస్కుంట సావుకారి. ఇప్పుడు తీస్కుంటె నా నోరు గూడ మూతవడ్తది."

మొదట నవ్వింది మొగులయ్య. నవ్వి, తల గుడ్డలోంచి ఒక ఆకు తీశాడు. అన్నం తిన్నాక వేసుకుందామని దాచుకున్నాడట. దాన్ని తెచ్చి తాంబాళంలో పెట్టాడు. "నాది గూడ వాపస్ తీస్కో" అన్నాడు. తర్వాత ఎల్లప్ప నడుం మడతలోంచి తీశాడు. ఒక్కొక్కరే వచ్చి నలిగినవీ వాడినవీ పెట్టిపోయారు. అప్పటికే నమిలేసినవాళ్ళ బాధ చెప్పనలవి కాదు. ఉమ్మేస్తే తిరిగిచ్చినట్టా కాదా అని వాళ్ళలో వాళ్ళకు పెద్ద వాదం పడింది. నాగయ్య అయితే సగం నమిలిన ఆకు చేతిలో పట్టుకొని, తీర్పు చెప్పమని నన్నే అడిగాడు.

ఇదేమిటని సాబు అడిగాడు. మాట తిరిగి ఇస్తున్నారు హుజూర్ అన్నాను. ఏ మాట అన్నాడు. నాకు ఇచ్చారని నేను అనుకున్న మాట అన్నాను. నా జీవితంలో సాబు ముందు నేను ఆడిన నిజం అదొక్కటే.

సాబు తాంబాళాన్ని లోపల పెట్టించి, ఉత్త నోళ్ళతో మళ్ళీ మొదటి నుంచి అడిగాడు. అప్పుడు చూడాలి ఐకమత్యం. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఊరు ఊరంతా కొట్లాడుకుంది. చివరికి అంగడి కల్హేర్ దారి పక్కనున్న రాతి నేలకు ఖాయమైంది. అది మొగులయ్య గానుగకు దగ్గర. బావి చుట్టూ ఉన్న గీతను సాబు తన చేత్తోనే కొట్టేశాడు. నా కంది చేను కంది చేనుగానే ఉండిపోయింది. ఆ ఏడు కంది విరగకాసిందని నీలాంబిక వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేది, నేను వింటున్నప్పుడు మరీను.

తర్వాతి అంగడి రోజు రిబ్కమ్మ ఉప్పుకు వచ్చింది. నేను అలవాటుగా సోలెడు ఉప్పు పైకెత్తాను. ఆమె కొంగు పట్టలేదు. అరచెయ్యి చాపింది.

"ఆకు తర్వాత తీస్కుంట అన్న గద" అంది.

ఆమె మరిచిపోయి ఉంటుందని ఆశపడ్డాను. తలుపు వెనక నీలాంబిక గాజుల చప్పుడు ఆగిపోయింది. ఉప్పు దించి, ఆకూ వక్కా తీశాను. ఆకు బరువెంతని, అయినా ఒకసారి మళ్ళీ తాంబాళంలో పెట్టేసి, తిరిగి తీశాను. అట్లా చేసినందుకు నిజంగా సిగ్గేసింది. ఆమె చేతిలో పెట్టాను. వేళ్ళు తగిలాయి. మిన్ను విరిగి మీద పడలేదు.

ఆమె అరుగు అంచున కూర్చొని, ఇగ అడుగు అంది. ఏం అడగాలన్నాను.

"ఊరు ఎట్లుండాలెనని అందర్ని అడిగినవ్ గద. నన్ను అడగలే."

అందరినీ అడిగానని సాబుకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో నాకే తెలుసు. అడిగాను.

ఆమె వాడ నుంచి బావికి పోయే బాటతో మొదలుపెట్టింది. నా ఆకు మాత్రం నోట్లో వేసుకోలేదు. కొంగున ముడేసుకుంది, రేపు తిరిగి ఇవ్వాల్సి వస్తే ఉండాలని కాబోలు.