సగం ఎత్తు కార్డు

"ట్రాఫిక్ కార్డా? ఎక్కడ పట్టుకున్నారే నిన్ను పోలీసులు?" అని అత్తగారు వడివమ్మాళ్ కేకేసేసరికి ఆ మైలాపూరు మేడలో మూడంతస్తుల వాళ్ళూ కిటికీల్లోకొచ్చారు. తేన్మొళి ఇడ్లీపిండి చేతులతోనే బాల్కనీలోకి పరుగెత్తింది. ట్రాఫిక్ కాదు గ్రాఫిక్స్ అనీ, పాత కంప్యూటర్లో బొమ్మలు ఆగకుండా కదలడానికి పెట్టేదనీ అందరికీ విప్పి చెప్పాల్సి వచ్చింది. "బొమ్మలాటకా ఇంత గోల!" అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

తేన్మొళి అంటే తేనెమాట. మాట్లాడనిస్తే కదా, తేనో చేదో తెలిసేది! ఇంటీరియర్ ఆఫీసులో నాలుగేళ్ళు వంటగదుల నమూనాలు గీసింది. అత్తగారి మోకాలి ఆపరేషన్‌తో ఆ ఉద్యోగం మానిపించారు. "కొన్నాళ్ళే కదా, సర్దుకుపో" అన్నాడు మొగుడు జ్ఞానశేఖరన్. అప్పట్నుంచీ సర్దుతూనే ఉంది, బట్టల్నీ, గిన్నెల్నీ, తననీ. ఊరందరి వంటగదులూ గీసిన మనిషికి సొంత వంటగదే గీసిన గీత అయింది. అత్తగారు ఇప్పుడు గుడిమెట్లు చకచకా ఎక్కేస్తున్నారు. ఆ కొన్నాళ్ళు మాత్రం ఇంకా అయిపోలేదు.

మొన్న పాత మేనేజరు మాలతి ఫోన్ చేసింది. మనిషి కావాలట. ఆఫీసుకొచ్చినా సరే, ఇంటినుంచి చేసినా సరే, ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి. "ఇంట్లోంచైతే చేసుకో" అని మొగుడు వరమిచ్చాడు. ఇంట్లో ఉన్నది ఎవరో వాడి వదిలేసిన సన్నటి ఆఫీసు కంప్యూటరు, వంటగది నమూనా తెరిస్తే చాలు బిగుసుకుపోతుంది. పొద్దుట్నుంచి మూడున్నర దాకా జ్ఞానశేఖరన్ దాని ముందు కూర్చుని షేర్లు చూస్తాడు. షేర్లు చూస్తాడే గానీ ఇంటిపనిలో షేరు తీసుకోడు.

అతను కునుకు తీసే వేళ ఆమె దాని మూత విప్పి, స్కేలు పెట్టి కొలిచి, కాగితం మీద రాసుకుంది. సగం ఎత్తు కార్డు. పొడవు ఆరున్నర అంగుళాలు మించకూడదు. పవర్ సప్లై రెండువందల నలభై వాట్లు. అదనపు వైరు లేదు, కార్డు గుచ్చే స్లాటు ఇచ్చే కరెంటుతోనే నడవాలి.

"రిచీ స్ట్రీట్ కంప్యూటర్ కొట్లలో ఆడవాళ్ళడిగితే టోపీ పెడతారు" అని జ్ఞానశేఖరన్ ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

"సార్, మీ పవర్ సప్లై ఎంత?" అన్నాడు కొట్టువాడు.

"మా ఇంటికి త్రీ ఫేజ్ కరెంటు!"

"రెండువందల నలభై వాట్లు" అంది తేన్మొళి.

కొట్టువాడు మొగుడి వంకే చూస్తూ, "ఎంత సార్?" అన్నాడు.

జ్ఞానశేఖరన్ కాగితం తీసి, "రెండువందల నలభై" అని చదివాడు.

"అదీ! సార్ పక్కాగా కనుక్కొచ్చారు."

సార్ చూపు అప్పటికే అద్దాల బీరువాలో ఉంది. "ఇది చూడవే, ఒక్క కార్డుకి రెండు ఫ్యాన్లు!"

"మన డబ్బాలో పట్టదండీ."

"మూత తీసేద్దాం."

"దానికి వేరే వైరు కావాలి."

"నీకు అన్నిటికీ వంకే!"

కొట్టువాడు ఒక చిన్న కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "సార్, ఇది పట్టుకెళ్ళండి. సగం జాగా చాలు. వేరే కరెంటు అడగదు. ఇచ్చినదాంతో నడుస్తుంది. చప్పుడే ఉండదు."

జ్ఞానశేఖరన్ పకపకా నవ్వాడు. "అచ్చం మా ఆవిడే!" కొట్టువాడూ నవ్వాడు. "కొనేస్తున్నానే, సరేనా? మూడున్నర తర్వాత కంప్యూటరు నీదే. అమ్మ కాఫీ, టిఫినూ అయ్యాక ఎంతసేపైనా కూర్చో."

తేన్మొళి ఆ కార్డును చేతిలోకి తీసుకుంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. కొలతలన్నీ తాను రాసినవే. ఆ ఇంట్లో పట్టేలా ఇన్నాళ్ళూ తనను తాను కొలుచుకున్నదీ తానే. ఒక్క అంగుళం కూడా ఎక్కువ అడగలేదు.

కార్డును బల్ల మీద పెట్టేసి ఫోన్ తీసింది.

"మాలతి మేడమ్, ఇంటినుంచి కాదు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకే వస్తున్నాను."

జ్ఞానశేఖరన్ నవ్వు సగంలో ఆగింది. "ఏమే, మరి పన్నెండింటికి అమ్మకి అన్నం ఎవరు పెడతారు?"

కొట్టువాడు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

"మీరు ఇంట్లోనే ఉంటారుగా" అంది తేన్మొళి మొగుడితో.