తెరుచుకున్న తలుపు

ఎల్లమ్మ పక్కన కూర్చుని టీవీ చూడాలంటే గుండె గట్టిదై ఉండాలని ఊళ్లో అనుకునేవారు. చేపలమ్ముకుని వచ్చి, గంప కడిగి బోర్లించి, కాళ్లు కడుక్కుని ఆమె సువర్ణ ఇంటి అరుగెక్కేది. సువర్ణ ఆమెకు వరసకు కోడలు. అప్పటికే అరుగు నిండా ఆడవాళ్లు చేరి, సీరియల్లో పిల్ల కష్టాలకు కొంగులు తడుపుకుంటూ ఉండేవారు.

"అదేంటే, పక్కమీంచి లేచిన మనిషికి బొట్టు చెరగలేదు, జడలో పూలు నలగలేదు! నిద్రపోయిందా, పెళ్లికెళ్లొచ్చిందా?" అనేది ఎల్లమ్మ.

అరుగంతా నవ్వేది. సినిమాలో హీరో సముద్రం మీద పాట పాడుతూ తెడ్డు వేస్తే, "వాడు వేసే తీరుకి పడవ వెనక్కి పోవాలి. ముందుకెళ్తోందంటే గట్టుమీంచి గేదెల్ని కట్టి లాగుతున్నారేమో చూడండి" అనేది. మొగుడు పోయిన మనిషి మల్లెపువ్వులాంటి తెల్లచీరలో వచ్చి ఏడిస్తే మాత్రం గొంతు మారేది. "మూడోనాటికే ఇంత ఇస్త్రీ ఎవరు చేసిపెట్టారమ్మా దీనికి? నాకు కట్టుకున్న గుడ్డ ఒంటి మీదే ఎండింది."

దానికి కూడా నవ్వేవారు. దారినపోతూ ఆగిన కులపెద్ద బాలస్వామి, "మా ఎల్లమ్మ నాలుక మీద నిజం తప్ప ఇంకోటి నిలవదు" అని మెచ్చుకునేవాడు. ఎల్లమ్మకు అతను బావ వరస. ఉప్పెనలో ఇద్దరూ ఒకే తుమ్మచెట్టు పట్టుకుని బతికారు.

దివిసీమ చివర, నాగాయలంక దాటాక బస్సు ఆగిపోయే చోటినుంచి కట్టమీద నడిస్తే వస్తుంది ఆ ఊరు. ఉప్పెన తర్వాత మిగిలినవాళ్లు అక్కడ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఏటా ఉప్పెన వచ్చిన రోజున ఊళ్లో పొయ్యి వెలగదు. పొద్దువాలాక అందరూ పోయినవాళ్ల గుర్తుగా కట్టిన స్తూపం దగ్గర కూర్చుంటారు. ఇంటికొకరు లేచి, తమవాళ్లు ఎలా పోయారో చెప్తారు. చెప్పేవాళ్లకు ఎవరూ అడ్డు రాకూడదు. అవునని గానీ కాదని గానీ అనకూడదు. చెప్పేవాళ్లు కూడా ఎవరినీ పేరు పెట్టి నిందించకూడదు. చచ్చిపోయినవాళ్లు వినే చోట బతికున్నవాళ్ల పేరెత్తితే వాళ్లను చావుకు పిలిచినట్టని పెద్దల నమ్మకం. ఎవరింటి చెప్పుకోలు వాళ్లు ముగించాకే వెళ్లి పొయ్యి వెలిగించుకోవాలి.

ఎల్లమ్మ ఏటా అవే మాటలు చెప్పేది.

"కోటిలింగం పిల్లని భుజాన వేసుకుని మేడ తలుపు కొట్టాడు. నేను పక్కనే ఉన్నాను. తలుపు సందులోంచి లాంతరు వెలుగు కనబడింది. తీస్తే నీళ్లొస్తాయి, తీయకండి అని లోపల్నించి మాట వినబడింది. మళ్లీ కొట్టాడు. తలుపు తీయలేదు. అప్పుడు నీళ్లొచ్చాయి. తెల్లారాక నేను చెట్టు మీద ఉన్నాను. వాళ్లిద్దరూ లేరు."

ఊళ్లో మేడ ఒక్కటే. పేరెత్తకపోయినా ఎవరిదో అందరికీ తెలుసు. ఆ మేడ పెద్దాయన బతికున్నన్నాళ్లూ ఏటా వచ్చి, స్తూపం ముందు నేలమీద కూర్చుని, తల వంచుకుని వినేవాడు. ఏనాడూ నోరెత్తలేదు. ఆయన పోయాక కొడుకు భుజంగరావు రావడం మొదలుపెట్టాడు. కుర్చీ తెప్పించుకునేవాడు. అయినా ఎల్లమ్మ లేచి నిలబడినప్పుడు అతని తల కూడా వంగేది. ఎల్లమ్మకు పోలీసులు లేరు, కోర్టు లేదు. వంగిన ఆ తల ఒక్కటే దక్కింది. దాన్ని ఆమె ఏటా ఒకసారి చూసుకుని, ఇంటికెళ్లి అన్నం వండుకునేది.

ఉప్పెనకు పాతికేళ్లు నిండే ఏడు హైదరాబాదు నుంచి టీవీవాళ్లు వచ్చారు. టెలిఫిల్మ్ తీస్తారట. కథ రాసే ప్రసాద్ అనే అతను ఎల్లమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, చెప్పిందంతా విన్నాడు. తలుపు దగ్గరకు వచ్చేసరికి అతని కళ్లు చెమర్చాయి.

"ఆ మేడ ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"పేరు చెప్పకూడదయ్యా. తలుపు తీయలేదు. అంతే రాసుకో."

"మీరు చెప్పింది చెప్పినట్టు తీస్తామండీ."

ఆ మాట పట్టుకుని ఎల్లమ్మ కొన్నాళ్లు నేలమీద నిలవలేదు. ఊరు విన్నది చాలు, ఇక లోకం వింటుంది అనుకుంది. షూటింగు మేడలోనే పెట్టారని, ఆ జనానికి భోజనాలు కూడా భుజంగరావే పెడుతున్నాడని సువర్ణ చెప్పినప్పుడు కొంచెం కలుక్కుమంది. ఒకరోజు చూద్దామని వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. పోనీలే, తలుపు అక్కడే ఉంది కదా, తీయాలంటే అక్కడే తీయాలి అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ ఏడు చెప్పుకోళ్ల సాయంత్రం స్తూపం పక్కన పెద్ద టీవీ పెట్టారు. బాలస్వామి లేచి, "ఈసారి చెప్పుకోళ్లు అక్కర్లేదు. మన అందరి కథా ఇందులో ఉంది. చూశాక టీవీవాళ్లు మీ అభిప్రాయాలు అడుగుతారు, నాలుగు మంచి ముక్కలు చెప్పండి. భోజనాలు భుజంగరావు గారింట్లో" అన్నాడు.

ఎల్లమ్మ ముందు వరసలో కూర్చుంది. కోటిలింగం వేషగాడు ఎర్రగా, ఎత్తుగా, నున్నటి గడ్డంతో ఉన్నాడు. పోన్లే అనుకుంది. తన వేషం వేసిన పిల్ల అంత గాలివానలోనూ కాటుక చెరక్కుండా పరిగెత్తింది. అదీ పోన్లే అనుకుంది. చంకలో పిల్ల ఏడ్చింది. వేషగాడు మేడ తలుపు దబదబా బాదాడు. ఎల్లమ్మకు తన అరచేతుల్లో బాదినట్టే ఉంది. సందులోంచి లాంతరు వెలుగు కనబడింది.

తలుపు తెరుచుకుంది.

తెల్లటి మీసాల ముసలాయన లాంతరెత్తి, "రండమ్మా, రండి! ఇల్లు మునిగినా ఫర్వాలేదు, మీరు బతకాలి!" అన్నాడు. పిల్లతో సహా ఆడమనిషి లోపలికి వెళ్లింది. కోటిలింగం మాత్రం ఇంకెవర్నో కాపాడ్డానికి వెనక్కి పరిగెత్తి నీళ్లలో పోయాడు. వీణ మోగింది. చుట్టూ జనం వెక్కివెక్కి ఏడుస్తున్నారు. సువర్ణ ముక్కు చీదుకుంటూ ఎల్లమ్మ భుజం మీద తల వాల్చింది. ఎల్లమ్మ బొమ్మలా కూర్చుంది.

లైట్లు వెలిగాయి. ప్రసాద్ మైకు పట్టుకుని వచ్చాడు. వెనకే కెమెరా.

"అమ్మా, ఇది మీ కథ. చూస్తే ఏమనిపించింది?"

"నా మొగుడు అచ్చం అలాగే తలుపు కొట్టాడు" అంది ఎల్లమ్మ. "ఆ తలుపు తీయలేదు. నా పిల్ల లోపలికి వెళ్లలేదు. నీ సినిమాలో పిల్ల బతికింది, నాయనా. నా పిల్ల ఏదీ?"

భుజంగరావు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

ప్రసాద్ మైకు దించాడు. "మీరు ఎవరి పేరూ చెప్పలేదు కదండీ. తలుపన్నారు, తలుపు చూపించాం. చివర్లో కాస్త ఆశ లేకపోతే చూసేవాళ్లు టీవీ కట్టేస్తారమ్మా."

"ఆశ కావాలంటే ఎక్కడన్నా ఏరుకో. నా మొగుడి చావులోంచి తీసి పంచుతావా?"

"ఎల్లమ్మా, ఊరుకో" అన్నాడు బాలస్వామి. "అది సినిమా."

"సీరియల్లో పూలు నలగలేదంటే నవ్వావు కదా బావా. పడవ వెనక్కి పోవాలంటే మెచ్చుకున్నావు కదా. ఇప్పుడేం వచ్చింది? నువ్వూ ఆ తలుపు కొట్టినవాడివే. చెప్పు, తీశారా?"

బాలస్వామి కొడుకు పనిచేసేది భుజంగరావుకున్న రొయ్యల చెరువుల దగ్గరే. బాలస్వామి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "చీకటే అప్పుడు. గాలి. ఎవరికేం కనబడింది, ఎవరికేం వినబడింది! పాతికేళ్ల మాట ఇప్పుడెందుకే? పద, భోజనాలకి పదండి."

జనం మేడవైపు కదిలారు. సువర్ణ మాత్రం కాసేపు నిలబడి, "నాలుగు మెతుకులు తిందువుగాని రా అత్తా" అంది.

"ఆ గుమ్మమేనా ఎక్కమంటున్నావు?"

సువర్ణ తల దించుకుని వెళ్లిపోయింది.

టెలిఫిల్మ్ రాష్ట్రమంతా వేసినప్పుడు చివర్లో ఎల్లమ్మ ముఖం వచ్చింది. "నా మొగుడు అచ్చం అలాగే తలుపు కొట్టాడు" అంది. అంతటితో ముఖం పోయి పేర్లు వచ్చాయి. అరుగుమీద ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మర్నాడు చేపలు బేరమాడిన ఒకావిడ, "నువ్వు టీవీలో వచ్చావు కదూ! ఎంత మంచివాడమ్మా ఆ పెద్దాయన, ఎంత అదృష్టం చేసుకున్నావు!" అంది. ఎల్లమ్మ చేతిలో చేప జారి గంపలో పడింది. ఆవిడ ఇంకేదో అంటూనే ఉంది.

ఆ తర్వాత ఎల్లమ్మ సువర్ణ అరుగు ఎక్కడం తగ్గించింది. ఎక్కినా మాట్లాడేది కాదు. సీరియల్లో పిల్ల వానలో కాటుక చెరక్కుండా ఏడుస్తూ ఉంటే, "ఏంటత్తా, ఏమీ అనవేం?" అని అడిగేవారు. "బాగుంది" అనేది. వాళ్లకది కూడా నవ్వులాటగానే ఉండేది.

మళ్లీ ఏడాది తిరిగి ఆ రోజు వచ్చింది. టీవీవాళ్లు లేరు. చెప్పుకోళ్లు మామూలుగానే పెట్టారు. ఎల్లమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. సినిమా వచ్చింది, పోయింది, నా మాట నాకుంది అనుకుంది.

ముందుగా కులపెద్ద బాలస్వామి లేచాడు. అతను ఏటా తన తమ్ముడి గురించి చెప్పేవాడు. ఆ ఏడూ తమ్ముడి గురించే మొదలుపెట్టాడు.

"నేనూ తమ్ముడూ మేడ దగ్గరికి పరిగెత్తాం. తలుపు కొట్టాం. లోపల్నించి పెద్దాయన లాంతరు పట్టుకుని తలుపు తీశాడు. రండి, ఇల్లు మునిగినా ఫర్వాలేదు, మీరు బతకాలన్నాడు. తమ్ముడు లోపలికి రాకుండా ఇంకెవర్నో కాపాడతానని..." బాలస్వామి కళ్లనీళ్లు చెంపల మీదుగా కారాయి.

ఎల్లమ్మ అతని ముఖంకేసి చూసింది. అబద్ధం ఆడేవాడి ముఖం ఆమెకు తెలుసు, చేపల బేరంలో రోజూ చూస్తుంది. అది ఆ ముఖం కాదు. బాలస్వామి నిజంగానే ఏడుస్తున్నాడు. అతనికి ఆ తలుపు నిజంగానే తెరుచుకుంది.

కాదని అరవాలని ఆమె నాలుక లేచింది. చెప్పేవాళ్లకు అడ్డు రాకూడదు. ఇన్నేళ్లూ తన మాటను కాపాడిన కట్టుబాటు అదే. ఆ కట్టుబాటే ఇప్పుడు పళ్ల వెనక ఆమె నాలుకను పట్టి ఉంచింది. ఎల్లమ్మ తల వంచుకుని విన్నది. ఎదురుగా కుర్చీలో భుజంగరావు తలెత్తుకుని కూర్చున్నాడు.

ఆమె వంతు వచ్చింది. లేచి నిలబడింది.

"కోటిలింగం పిల్లని భుజాన వేసుకుని మేడ తలుపు కొట్టాడు. నేను పక్కనే ఉన్నాను. సందులోంచి లాంతరు వెలుగు..."

ఆగింది. కోటిలింగం ముఖం కోసం కళ్లు మూసుకుంది. ఎర్రటివాడు, నున్నటి గడ్డంవాడు వచ్చి నిలబడ్డాడు. వాణ్ణి తోసేసింది. మళ్లీ వాడే వచ్చాడు. తలుపు బాదాడు. తలుపు తెరుచుకుంది. తెల్లమీసాల ముసలాయన లాంతరెత్తాడు. ఆమె రెండు చేతులా ఆ తలుపును మూయబోయింది. ఎంత మూసినా తెరుచుకుంటోంది.

జనం ఎదురు చూశారు. కుర్రకారులో ఎవరో, "పాపం, పెద్దదైపోయింది" అని గుసగుసలాడారు. ఎల్లమ్మ మాట ముగించకుండానే కూర్చుంది. ఆమె తర్వాతివాళ్లు లేచారు.

చీకటి పడుతుండగా ఊళ్లో ఒక్కొక్క పొయ్యీ వెలిగింది. పులుసు కాగిన వాసన గాలిలో వచ్చింది. సువర్ణ గిన్నెలో అన్నం పట్టుకుని ఎల్లమ్మ గుమ్మంలోకి వచ్చింది. లోపల పొయ్యి చల్లగా ఉంది. ఎల్లమ్మ దాని ఎదురుగా పీటమీద కూర్చుని ఉంది.

"అదేంటత్తా, పొయ్యి వెలిగించలేదేం?"

"ఇంకా నా చెప్పుకోలు అవ్వలేదే" అంది ఎల్లమ్మ.